బీడు ముసలిదైతే గింజ కట్టదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో కింద మూలన ఒక చిన్న వార్త వేశారు. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో నడుస్తున్న బెల్టు పుల్లీ విరిగి ముక్క గోడకు తగిలిందని, హమాలీలు అప్పుడే చాయ్‌కి బయటికి పోయారు కాబట్టి ఎవరికీ ఏం కాలేదని. అంతవరకు బాగానే ఉంది. చివరి వాక్యంలో మాత్రం, ఏళ్ల తరబడి అదిరి అదిరి ఇనుము లోపల గింజ కట్టిందని, అంటే పలుకులు పలుకులుగా మారిందని, అందుకే పెళుసై విరిగిందని నిపుణులు తేల్చినట్టు రాశారు. ఆ నిపుణులు ఎవరో రాయలేదు. ఎవరైనా కానీ, వాళ్లు పోత దగ్గర నిలబడి ఒక్కసారి చూసినా ఆ మాట అనేవాళ్లు కాదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా పోతపని చేస్తున్నా, అంటే బీడు (పోత ఇనుము) లాంటివి కరిగించి అచ్చుల్లో పోసే పని. మొదట హైదరాబాద్ కాటేదాన్ వైపు భట్టీల్లో, తర్వాత ఇక్కడికే వచ్చి చిన్న షెడ్డు వేసుకున్నా. మిల్లుల పుల్లీలు, మోటర్ కింద బెడ్లు, బేరింగు పెట్టెలు, ఇలాంటివి. ఆ విరిగిన పుల్లీ నేను పోసింది కాదు, అది ముందే చెప్తున్నా, లేకపోతే తప్పు కప్పిపుచ్చుకోవడానికి రాస్తున్నాడని మా బజారులోనే అంటారు.

వార్త చూసిన మర్నాడే బండేసుకుని మిల్లుకు పోయాను. ఓనరు తెలిసినాయనే. విరిగిన ముక్క వెనకాల ఊక కుప్ప పక్కన పడి ఉంది. పుల్లీ ఆకు వెళ్లి మధ్యలో షాఫ్టు దూరే లావుపాటి భాగంలో, మేం బాస్ అంటాం దాన్ని, కలిసేచోట తెగింది. తెగిన మొహం అంచు దగ్గర సన్నటి బూడిద రంగులో ఉంది, లోపలికి పోయేకొద్దీ ముతక రవ్వలాగా నల్లగా మారింది, సరిగ్గా నడుమ చింతగింజ పట్టేంత గుంట ఒకటి. గుంటలో మట్టి ఊదేసి, వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి బిగించుకునే అద్దం ఒకటి నా జేబులో ఎప్పుడూ ఉంటుంది, దాంతో చూశాను. లోపల చెట్లున్నాయి. నిజంగానే చెట్లు. ఒక్కొక్కటి ఆవగింజ ఎత్తు కూడా లేదు కానీ తంగేడు రెమ్మ ఎలా ఉంటుందో అలా, నడుమ ఒక ఈనె, దానికి అటూ ఇటూ వరసగా కొమ్మలు, కొమ్మలకు మళ్లీ చిన్న పిలకలు.

అదురుకు చెట్లు మొలవవు కదండీ. అవి మొలిచింది ఆ పుల్లీ పోసిన రోజు, కరిగిన బీడు ఇసుక అచ్చులో గట్టిపడుతున్న ఆ కొన్ని నిమిషాల్లో. గుంట ఉన్నచోట చివరికి ద్రవం చాలక ఖాళీ మిగిలింది కాబట్టి కొమ్మలు బయటికి కనిపించాయి, మిగతాచోట్ల కొమ్మల సందులన్నీ నిండిపోయి మొత్తం ఒకే ఇనుముగా కనిపిస్తుంది, అంతే తేడా. రష్యాలో చెర్నోవ్ అనే లోహ శాస్త్రవేత్త దగ్గర ఇలాంటి చెట్టే ఒకటి ఉండేది, 100 టన్నుల ఉక్కు దిమ్మ పైభాగంలోని గుంటలో దొరికింది, పొడవు 39 సెంటీమీటర్లు, బరువు 3.45 కిలోలు. మా గుంట ఎక్కడ, ఆ గుంట ఎక్కడ. పుట్టిన తీరు మాత్రం ఒకటే.

అసలు లోహం గింజ కట్టడం అనే మాటే తప్పు దారి పట్టిస్తుంది. లోహమంటేనే గింజలు. గట్టిపడ్డ క్షణం నుంచి గింజలే. నమ్మకపోతే ఇంట్లో పాత జీఐ బకెట్ ఉంటే ఎండలో తిప్పి చూడండి. దాని మీద అతుకులు అతుకులుగా, కొన్ని తెల్లగా, కొన్ని మసకగా, గోరంత గోరంత మచ్చలు కనిపిస్తాయి, కొంచెం తిప్పితే తెల్లవి మసకబారి మసకవి తెల్లబడతాయి. ఒక్కో మచ్చ ఒక్కో జింకు గింజ. దాదాపు 450 డిగ్రీల జింకులో ముంచి తీసిన రేకు మీద ఆ పొర గట్టిపడేటప్పుడు ఒక్కో గింజ ఒక్కో దిక్కుకు తిరిగి పెరిగింది, అందుకే ఒక్కోటి వెలుతురును ఒక్కో వైపు తిప్పుతుంది. ఈ మధ్య రేకుల మీద ఆ మచ్చలు తగ్గాయి, జింకులో సీసం తగ్గిస్తే గింజ చిన్నదవుతుంది మరి. గింజలు లేక కాదు.

గింజ ఎలా పుడుతుందో వంటింట్లో అందరికీ తెలుసు, పేరు వేరు. నెయ్యి కాచి గిన్నెలో వదిలేసి, నిదానంగా పేరనిస్తే పూసలు పూసలుగా వస్తుంది. అదే నెయ్యిని వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెడితే నున్నగా వెన్నలాగా గట్టిపడుతుంది. మెల్లగా చల్లారితే కొన్నే గింజలు మొదలై ఒక్కోటి తాపీగా పెద్దదవుతుంది, గబుక్కున చల్లారితే వందల చోట్ల ఒకేసారి మొదలై ఏదీ పెరగకముందే చోటు అయిపోతుంది. లోహంలోనూ ఇదే లెక్క. ఇసుకలో పోస్తే ముతక గింజ, ఇనుప డైలో పోస్తే సన్న గింజ.

అయితే చల్లారడం ఒక్కటే కాదు, గింజ మొదలవ్వడానికి ఏదో ఒక ఆధారం కావాలి. కలకండ చేసేవాళ్లు పాకంలో దారం వేలాడదీసేది అందుకే, పలుకులు దారాన్ని పట్టుకుని పెరుగుతాయి. ఏ ఆధారమూ లేని శుభ్రమైన ద్రవం అంత తేలిగ్గా గట్టిపడదు. నికెల్ 1455 డిగ్రీల దగ్గర గట్టిపడాలి, కానీ శుభ్రమైన చిన్న బొట్టును దానికి సుమారు 300 డిగ్రీలు కిందకి దించినా ద్రవంగానే ఉంచగలిగారు ప్రయోగశాలల్లో. మా భట్టీలో అంత శుభ్రం ఎక్కడిది, అచ్చు గోడ ఉంటుంది, ద్రవంలో కంటికి కనపడని నలకలుంటాయి, కాబట్టి కొద్ది డిగ్రీలు దిగగానే పని మొదలైపోతుంది.

ముందు గోడ దగ్గర మొదలవుతుంది. అక్కడ చల్లదనం ఎక్కువ కాబట్టి సన్న సన్న గింజలు కుప్పలుగా పుడతాయి, అదొక పలుచటి పొర. వాటిలో లోపలి వైపుకు నేరుగా తిరిగి ఉన్నవి మిగతావాటిని తొక్కుకుంటూ పొడుగ్గా స్తంభాల్లాగా పెరుగుతాయి. వేడి గోడవైపు పోతుంటే ఇవి దానికి ఎదురు దిక్కున నడుస్తాయి. చివరికి నడుమ మిగిలిన ద్రవంలో, విరిగి కొట్టుకొచ్చిన కొమ్మ ముక్కలు, నలకలు ఆధారంగా ఏ దిక్కూ లేని గుండ్రటి గింజలు లేచి స్తంభాలకు అడ్డం నిలబడతాయి. ఒక దిమ్మను నిలువునా కోసి, నునుపు చేసి, యాసిడ్ రాస్తే ఈ మూడూ కళ్లకు కడతాయి. పాత ఇళ్ల తలుపులకు పోత ఇత్తడి పిడులుంటాయి చూడండి, ఏళ్ల తరబడి చేతి చెమట తగిలి తగిలి వాటి మీద కూడా గింజల గీతలు బయటపడతాయి, యాసిడ్ అక్కర్లేదు.

మరి చెట్లెందుకు? నున్నటి గోడలాగా ఎందుకు ముందుకు రాదు? దీనికి పుల్ల ఐసు కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మా చిన్నప్పుడు ఐసు కొనుక్కుని గట్టిగా పీలిస్తే రంగు, తీపి అంతా నోట్లోకి వచ్చి చేతిలో తెల్లటి చప్పటి మంచు మిగిలేది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు చక్కెరను, రంగును తనలో కలుపుకోకుండా బయటికి నెట్టేస్తాయి, అవి సందుల్లో చేరతాయి. మిశ్రమ లోహమూ అంతే. బీడులో ఇనుమే కాదు, సుమారు మూడు శాతం పైన కార్బన్, ఒకటి నుంచి మూడు శాతం దాకా సిలికాన్, కొంచెం మాంగనీసు, గంధకం, భాస్వరం ఉంటాయి. ముందు గట్టిపడే ఇనుము వీటిలో చాలావాటిని తన ముందుకు నెట్టేస్తుంది, ఆ నెట్టేసిన సరుకు పేరుకున్నచోట గట్టిపడే డిగ్రీ పడిపోతుంది కాబట్టి ఆ వరసంతా కాస్త ఆగుతుంది. ఎక్కడైనా ఒక చిన్న మొన ఆ పేరుకున్నదాన్ని దాటి ముందుకు పొడుచుకొచ్చిందా, దానికి తాజా ద్రవం దొరికి సర్రున పోతుంది. దాని పక్కల్లో మళ్లీ అదే కథ, అవి కొమ్మలు. కొమ్మల పక్కల్లో రెమ్మలు. ఈ లెక్కను 1953లో చామర్స్ అనే ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు కాగితం మీద పెట్టారు. మా అమ్మాయి మెటలర్జీ చదివింది, ఆ పుస్తకాలు ఆమె కంటే నేనే ఎక్కువసార్లు తిరగేశాను, అందుకే ఈ పేర్లు.

ఇప్పుడు ఆ పుల్లీ దగ్గరికి వద్దాం. ఆకు సన్నం, బాస్ లావు. చ్వోరినోవ్ అనే ఇంజినీరు 1940లో చెప్పిన సూత్రం ఒకటి ఉంది, మందం రెండింతలైతే గట్టిపడే సమయం రెండింతలు కాదు, సుమారు నాలుగింతలు. ఆకు ఎప్పుడో గట్టిపడి దారి మూసేసింది, బాస్ నడుమ ద్రవం ఇంకా ఉంది, అది కుదించుకుంటుంటే పైనుంచి ఇంకొంచెం లోహం అందాలి, అందుకే లావుపాటి చోట రైజర్, అంటే అదనపు ద్రవం నిలవుండే గొట్టం లాంటిది, పెట్టాలి. అక్కడ పెట్టలేదు, లేదా చిన్నది పెట్టారు. ఫలితం ఆ గుంట. నిదానంగా చల్లారినందుకు కార్బన్ ముతక రేకులుగా విడిపోయింది, మేం ఓపెన్ గ్రెయిన్ అంటాం, అందుకే ఆ నల్లటి రవ్వ. పైగా తుక్కు చూసుకోకుండా వేస్తే భాస్వరం ఎక్కువవుతుంది, అది అందరికంటే ఆఖరున, దాదాపు 950 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండి గింజల సందుల్లో పేరుకుని అద్దంలాగా పెళుసుగా గట్టిపడుతుంది. ఆ పుల్లీలో భాస్వరం ఎంతో కళ్లతో చూసి చెప్పలేం, ల్యాబ్‌కు పంపాలి. గుంటకు మాత్రం ల్యాబ్ అక్కర్లేదు.

అదురుకు పాత్రే లేదా అంటే, ఉంది. గుంట అంచు నుంచి చిన్న పగులు మొదలై, బెల్టు లాగిన ప్రతిసారీ పిసరంత ముందుకు పాకి, ఒకరోజు మిగిలిన ఇనుము చాలక ఫట్‌మంది. పగులు పెరిగింది, గింజ పెరగలేదు. పుల్లీ వేడికి బీడులో గింజ మారనే మారదు. మారాలంటే కొలిమిలో ఎర్రగా కాలాలి. ఉక్కును 900 డిగ్రీలు దాటించి చల్లారిస్తే పాత గింజలు పోయి కొత్తవి పుడతాయి, సమ్మెటతో కొట్టినా, రోలింగ్ చేసినా ముతక గింజ నలిగి సన్నదవుతుంది, అది నిజమే. మన కమ్మరులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ పొరపాటు మీ విలేకరి ఒక్కడిదే కాదు లెండి, దీని వయసు 180 ఏళ్లు దాటింది. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ పోతున్న రైలులో ఇంజన్ ఇరుసు విరిగి, పెట్టెలు అంటుకుని, 50 మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో ఇరుసులు విరిగితే తెగిన మొహం మీద మెరిసే గింజలు చూసి, వాడకంలో ఇనుము స్ఫటికంగా మారిపోయిందని ఇంజినీర్లే అనేవారు. మరుసటి ఏడే ర్యాంకిన్ అనే స్కాట్లాండ్ ఇంజినీరు, అది కారణం కాదు, ఇరుసు మెడ మూల దగ్గర పగులు మొదలై మెల్లగా లోపలికి పోతోందని రాశాడు. ఆయన మాట చాలామంది చెవిన పడలేదు. 1903లో ఈవింగ్, హంఫ్రీ అనే ఇద్దరు మైక్రోస్కోపు కింద ఇనుమును ఊపి ఊపి చూసి, గింజల లోపలే సన్నటి జారుడు గీతలు పడి అవే పగుళ్లవుతాయని చూపించాక గానీ ఆ వాదం మూతపడలేదు. మూతపడిందనుకున్నాం, మీ జిల్లా పేజీలో మళ్లీ లేచింది.

నేనేదో తప్పు చేయని మనిషిలా రాస్తున్నానని అనుకోకండి. కాటేదాన్‌లో కొత్తలో అల్యూమినియం పోసేవాణ్ణి, ఎల్ఎం 6 అంటారు, అందులో 10 నుంచి 13 శాతం దాకా సిలికాన్. అచ్చు సగంలో ఆగిపోతుందేమోనని టెన్షన్‌తో బాగా ఎక్కువ వేడి చేసి పోశాను. ఉస్తాద్ తిట్టలేదు. మర్నాడు నా ముక్క ఒకటి, ఆయన ముక్క ఒకటి సుత్తితో పగలగొట్టి పక్కపక్కన పెట్టాడు. నాది పంచదార పలుకుల్లా తళుకు తళుకుమంటోంది, ఆయనది పట్టుగుడ్డ మడతలాగా మసక బూడిద రంగు. తళుకుమన్నది పనికిరాదు, గుర్తుపెట్టుకో, అన్నాడు. పోసే ముందు ఆయన ఒక పొట్లం వేసేవాడు, సోడియం ఉప్పులది. ఆ చిటికెడు సోడియానికి పలకలు పలకలుగా పెరగాల్సిన సిలికాన్ సన్నటి పోగుల్లా విడిపోతుంది. 1920 ప్రాంతంలో అమెరికాలో పాచ్ అనే ఆయన పట్టుకున్న చిట్కా అది. పొట్లం వేశాక బీడీ కాల్చుకుని వచ్చి పోస్తే మాత్రం లాభం లేదు, సోడియం గాల్లో పోతుంది.

బీడుకైతే ఫెర్రో సిలికాన్, అంటే ఇనుము సిలికాన్ కలిసిన పలుకులు, చల్లుతాం. పాలకు తోడు వేసినట్టు అనుకోండి, అక్కడ పని చేసేది సూక్ష్మజీవి, ఇక్కడ పలుకు మొదలవ్వడానికి చిన్న ఆధారం, అంతే తేడా. దాని పని కూడా నిమిషాల్లో తగ్గిపోతుంది. ఒక గరిటె పోసి ఫోన్ వస్తే మాట్లాడి, ఇంకో గరిటె పోస్తే రెండూ ఒకే భట్టీవే అయినా ఒకే సరుకు కాదు. దానికి పరీక్ష చాలా తేలిక. గొడ్డలి మొనలా ఒక వైపు సన్నం, ఒక వైపు లావు ఉండే చిన్న ముక్క పోసి, చల్లార్చి, విరగ్గొట్టి చూస్తాం. సన్నటి అంచు దగ్గర తెల్లగా మెరుస్తూ ఉంటుంది, అది చిల్, లేత్ టూల్ దాని మీద జారుతుంది. ఆ తెలుపు ఎంత వెడల్పుందో చూస్తే ఇంకొంచెం సిలికాన్ వేయాలా, పోసేయొచ్చా తెలిసిపోతుంది. ఐదు నిమిషాల పని. ఇప్పుడు ఎంతమంది చేస్తున్నారు? కిలో ఎంతకిస్తావ్ అని ఒకటే ప్రశ్న మా దగ్గరికి వచ్చేవాళ్లది. ముక్క విరగ్గొట్టి చూపించు అని అడిగిన మిల్లు ఓనరు ఈ ముప్పై ఏళ్లలో నాకు ఇద్దరే తగిలారు. రైజర్‌కు పోయే ఇనుము నాకు దండగ, ఆయనకు అక్కర్లేదు, రేటు తగ్గించమంటే ముందు కోసేది దాన్నే. సీజన్‌లో అయితే అచ్చు సరిగా చల్లారకముందే పగలగొట్టి లారీ ఎక్కిస్తారు.

చిన్న గింజే ఎప్పుడూ మంచిదా అంటే అదీ కాదు, దీని గురించి ఒక్క మాట చెప్పాలనుంది. మామూలు వేడిలో గింజ సన్నబడేకొద్దీ లోహం గట్టిపడుతుంది, హాల్ 1951లో, పెచ్ 1953లో ఇది లెక్క కట్టి చూపించారు. కానీ జెట్ ఇంజన్ లోపల ఎర్రగా కాలుతూ తిరిగే రెక్కలకు గింజల సందులే బలహీనం, ఆ వేడిలో లోహం అక్కడే మెల్లగా సాగుతుంది. అందుకని రెక్క మొత్తం ఒకే గింజగా పోస్తారు. అడుగున చల్లటి పలక మీద బోలెడు గింజలు మొదలవుతాయి, వాటిని ఒక మెలికల సందులోంచి పైకి రానిస్తారు, దసరాకు మన ఆర్డినరీ బస్సు డోర్ దగ్గరలా తోసుకుని తోసుకుని చివరికి ఒక్కటే దూరుతుంది, ఆ ఒక్కటే రెక్కంతా నిండుతుంది. ఇది ఎక్కడో కాదు, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ చేసింది, హెలికాప్టర్ ఇంజన్ కోసం అలాంటి రెక్కలు 60, విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్‌కు ఇచ్చినట్టు 2021లో ప్రకటించారు. మిర్యాలగూడ నుంచి బస్సెక్కితే నాలుగైదు గంటల్లో అక్కడుంటాం. అక్కడ గింజను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి పెంచుతుంటే, ఇక్కడ విరిగిన పుల్లీకి వయసైపోయింది అని రాసి వదిలేస్తున్నాం.

నేను అడిగేది పెద్దదేం కాదు, ఆ వార్తకు ఒక సవరణ వేయమని. వయసు మీద తోసేస్తే తప్పు ఎవరిదో అడిగేవాడుండడు, అదే అచ్చులో, అదే రైజర్ లేకుండా పోసిన పుల్లీలు ఇంకెన్ని మిల్లుల్లో తిరుగుతున్నాయో చూసేవాడూ ఉండడు. పోసినవాడి పేరు నేను చెప్పను, మా వృత్తిలోవాడే, నాకు తెలుసు కూడా. కానీ ఓనరుకు చెప్పాను, అదే చేతి మీద పోయించిన ఇంకో రెండు పుల్లీలకు బాస్ మూల దగ్గర సుత్తితో తట్టి చూడమని. ఒకటి ఖంగుమంది, రెండోది పగిలిన కుండలా మోగింది. దాన్ని అప్పుడే దింపించేశాం. సవరణ వేసేటప్పుడు ఈ తట్టి చూడమనే ముక్క కూడా వేయండి, జిల్లాలో మిల్లులు ఒకటి రెండు కాదు.

ఆ విరిగిన ముక్క ఇంకా ఊక కుప్ప పక్కనే ఉంది. పాత సామాన్లవాడు తూకానికి వేసుకుపోకముందే మీ విలేకరిని ఒకసారి పంపండి, అద్దం నేను తెస్తాను. పొద్దున కాకుండా మధ్యాహ్నం పన్నెండింటి వేళ రమ్మనండి, ఎండ నేరుగా ఆ గుంటలో పడుతుంది.

ఇట్లు,
ఒక పోతపనివాడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా